విట్మన్ కౌంటీలో గోధుమ సాయం లెక్కలు

వాషింగ్టన్ రాష్ట్రపు తూర్పు అంచున, ఐడహోను ఆనుకొని ఉన్న విట్మన్ కౌంటీ అమెరికాలో గోధుమ విస్తారంగా పండే కౌంటీల్లో ముందు వరుసలోనిది. పుల్మన్ నుంచి 195వ నంబరు రహదారి మీదుగా కౌంటీ కేంద్రమైన కోల్‌ఫాక్స్‌కు వెళ్లేవారికి దారికి రెండువైపులా కనిపించే పలూస్ మెట్టలు చాలావరకు గాలి మోసుకొచ్చి పోసిన మెత్తని మట్టితో ఏర్పడినవి. భూగర్భ శాస్త్రం దానిని లోయెస్ అంటుంది. కాలువ నీరు లేకుండా, చలికాలపు వాన, మంచు మిగిల్చిన తేమతోనే ఇక్కడ పైరు ఎదుగుతుంది. నిటారు వాలుల మీద సైతం ఒరగకుండా నడిచే కోత యంత్రాలను చూసినప్పుడు ఈ సేద్యంలోని పెట్టుబడి ఎంతటిదో బోధపడుతుంది.

ప్రభుత్వ సాయాన్ని పంచే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ కౌంటీ కార్యాలయం కోల్‌ఫాక్స్‌లోనే ఉంది. ఇది కేంద్ర వ్యవసాయ శాఖలో భాగమే అయినా, స్థానిక అమలులో రైతులు ఓటు వేసి ఎన్నుకొన్న కమిటీకి పాత్ర ఉంటుంది. ఈ పద్ధతి 1930ల నాటిది. ప్రతి కమతానికీ ఒక నంబరు, అందులోని ప్రతి చెక్కకూ విమానం నుంచి తీసిన చిత్రంపై ఒక హద్దు ఉంటాయి.

ఆ దస్త్రాల్లో కీలకమైనది ‘బేస్ ఎకరాలు’ అనే లెక్క. గతంలో ఏ పంట ఎంత వేశారన్న దానిని బట్టి కమతానికి స్థిరపడిన విస్తీర్ణమిది. ఈ ఏడాది ఆ నేలలో శనగ వేసినా, మసూరు వేసినా గోధుమ బేస్‌కు గోధుమ లెక్కే వర్తిస్తుంది. 2014 చట్టం తెచ్చిన ‘ప్రైస్ లాస్ కవరేజ్’ పథకం కింద దేశ సగటు ధర ఆధార ధర కన్నా తగ్గితే, ఆ తేడాను కమతం పేరిట నమోదైన దిగుబడితోనూ, బేస్‌లో 85 శాతంతోనూ హెచ్చవేస్తారు. సుమారు 27 కిలోల బుషెల్ గోధుమకు 5.50 డాలర్లుగా ఉన్న చట్టబద్ధ ఆధార ధరను 2025 చట్టం 6.35కు పెంచింది. సగటు ధర 5.85 డాలర్లయితే, ఎకరాకు 60 బుషెళ్ల దిగుబడి నమోదై ఉన్న వెయ్యి బేస్ ఎకరాలకు, ఇతర కోతలు లేనప్పుడు, 25,500 డాలర్లు వస్తాయి. విస్తీర్ణాన్ని బట్టి పెరిగే సాయం పెద్ద కమతాలకే ఎక్కువగా చేరడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఒక్కొక్కరికి పరిమితి ఉన్నా, అదే చట్టం దానిని 1,25,000 డాలర్ల నుంచి 1,55,000కు పెంచింది.

కౌలు విషయంలో మాత్రం ఈ ఏర్పాటు గమనించదగినది. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు పట్టాదారుకే అందగా, ఇక్కడ పంటలో పాలు పంచుకొనే కౌలులో భూయజమానికీ సాగుదారుకూ సాయం వాటాల ప్రకారం చీలుతుంది. నగదు కౌలులో నష్టభయం మోసే సాగుదారుకే మొత్తం దక్కుతుంది. అయితే మరుసటి ఒప్పందంలో కౌలు పెంచి ఆ సొమ్ములో కొంత రాబట్టుకొనే వీలు యజమానికి ఉండనే ఉంది.

ధరల గణితం కన్నా గట్టి నిబంధన మట్టికి సంబంధించినది. సులభంగా కోతకు గురయ్యే నేలను ఆమోదిత సంరక్షణ పద్ధతులు పాటించకుండా సాగుచేస్తే సాయానికి అర్హత పోతుందని 1985 చట్టం విధించింది. వాన నీటికి జారిపోయే పలూస్ వాలుల మీద దీని ప్రాధాన్యం చెప్పనక్కరలేదు. ఇక సాయం చేతికందే వేళ మాత్రం రైతు అవసరంతో పొసగదు: గోధుమ మార్కెట్ సంవత్సరం జూన్‌లో మొదలై మేలో ముగుస్తుంది కనుక, ఒక ఆగస్టులో కోసిన పంటకు రావలసిన సొమ్ము మరుసటి ఏడాది అక్టోబరు దాకా రాదు, అప్పటికి ఇంకొక పంట కోత కూడా ముగిసి ఉంటుంది.