తొలి నగరయాత్ర

గోదావరి తీరమందలి యొక పల్లెలో నివసించు రైతుదంపతులు, ముప్పది యేండ్లుగా వాయిదా వేసికొనుచు వచ్చిన కోల్‌కతా యాత్రకు క్రిస్మస్ సెలవులలో సిద్ధపడిరి. మూడు దినములలో చూడవలసిన పండ్రెండు స్థలములను భర్త కాగితముపై వ్రాసెను. 1814లో స్థాపింపబడిన ఇండియన్ మ్యూజియము, 1921లో తెరువబడిన విక్టోరియా స్మారకమందిరము, 1943 నాటి హౌరా వంతెన – దేనిని విడువలేదు.

భార్య యా పట్టికను చదివి, “ఏమండీ! మనము దిగునది సోమవారము; ఆనాడు మ్యూజియము తెరువరు. క్రిస్మస్ నాడు జంతుశాలలో కాలు మోపుట కష్టము. నా మోకాళ్ళకు దినమునకు రెండు చోట్లు చాలును. రాత్రివేళ పార్కు వీథి దీపములను మీతో తీరికగా చూడవలెనని నా కోరిక” అనెను.

భర్త కొంతసేపు మౌనము వహించెను. ఆమె నోరు తెరచి కోరిన మొదటి కోరిక యదియే! అతడు సగము పేర్లను కొట్టివేసి, పట్టికకు మొదట ఆ దీపములను వ్రాసెను. తోడివారి యడుగు నెరిగి నడచినపుడే యాత్ర సఫలమగును.