చెప్పుకోలేని నొప్పికి ఓ నిక్కరు

నలభై దాటిన ఆడమనిషి సైకిల్ కొని, మూడు వారాలు తొక్కి, నాలుగో వారం దాన్ని మెట్ల కింద పెట్టేసిందనుకోండి. ఇంట్లోవాళ్లంతా ఒకే మాట అంటారు... ‘నాలుగు రోజుల ముచ్చట’ అని. ఆమె కూడా నవ్వి ఊరుకుంటుంది. పొద్దున్నే టైమ్ చాలడం లేదనో, కుక్కలు వెంటపడుతున్నాయనో ఏదో ఒకటి చెబుతుంది. అసలు కారణం మాత్రం చెప్పదు. తలనొప్పి అనొచ్చు, నడుంనొప్పి అనొచ్చు. కూర్చునేచోట నొప్పి అని ఎవరితో అంటాం?

మాది వెలుగోడు. నంద్యాల జిల్లాలో, నల్లమల కొండల పాదాల దగ్గరుంటుంది. ఊరి పక్కనే తెలుగుగంగ రిజర్వాయరు. శ్రీశైలం దగ్గర్నుంచి బయల్దేరిన కృష్ణ నీళ్లు పోతిరెడ్డిపాడు, బానకచర్ల దాటి ఇక్కడికి చేరతాయి. కాస్త అలుపు తీర్చుకుని సోమశిల, కండలేరు మీదుగా చెన్నై దాకా వెళ్తాయి. పదహారు టీఎంసీలకు పైగా పట్టే ఆ నీళ్ల మీదుగా తెల్లవారుజామున వచ్చే గాలి కోసమైనా సైకిల్ ఎక్కాలనిపిస్తుంది. ఎటొచ్చీ ఎండాకాలంలో ఆ సుఖం ఏడింటి వరకే. తర్వాత మా సీమ ఎండ సంగతి మీకు తెలిసిందే.

నాకు నలభై ఆరేళ్లు. లెక్కల టీచర్ని. షుగరు గీత దగ్గర నిలబడి ఉంది. మెట్లెక్కేటప్పుడు మోకాళ్లు పలకరిస్తున్నాయి. నంద్యాలలో డాక్టరమ్మ చూసి ‘సైకిల్ తొక్కండి. నడిస్తే ఒంటి బరువు మోకాళ్లు మోయాలి, సైకిల్ మీదైతే చాలావరకు సీటు మోస్తుంది’ అంది. వినడానికి ఎంత బాగుందో! సీటు మోస్తుంది సరే... సీటుకి ఆనుకుని ఉన్న ఒళ్లు ఏమనుకుంటుందో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. రోజూ పది కిలోమీటర్లు తొక్కడం మొదలుపెట్టాక మూడో వారానికి ఒళ్లే చెప్పింది.

స్కూల్లో పీరియడ్ల మధ్య కుర్చీలో కూర్చోవాలంటే భయం. కూర్చున్నాక లేవాలంటే అంతకంటే భయం. పక్కింటి వదిన ఓరోజు నన్ను ఎగాదిగా చూసి, పెరట్లోకి పిలిచి, గొంతు తగ్గించింది. ‘‘టీచరమ్మా, ఎవురికీ చెప్పొద్దు... నేను సైకిలు అమ్మింది అందుకే. మూడు దినాలు సరిగ్గా కూసోలేకపోయినా. తొడలు ఒరుసుకుని మంట. మీ అన్నతో ఏమని చెప్పేది?’’ అంది. ఆరోగ్యం కోసమని ముచ్చటపడి కొనుక్కున్న సైకిలు... ఒక్క మాట బయటికి చెప్పుకోలేక సగం ధరకి ఇచ్చేసింది.

ఆ సాయంత్రం హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అక్క కూతురికి ఫోన్ చేశాను. అది సెలవురోజుల్లో అవుటర్ రింగురోడ్డు పక్కన 2023లో తెరిచిన సైకిల్ దారి మీద తొక్కుతుంది. ‘‘పిన్నీ, ప్యాడెడ్ షార్ట్స్ వేసుకోవా నువ్వు?’’ అంది, అన్నంలోకి కూర వేసుకోవా అన్నంత మామూలుగా. అప్పుడు మొదలైంది ఈ నిక్కరు చదువు.

చూడబోతే ఇది చాలా పాత చదువే. సైకిల్ పందేలవాళ్లు ఉన్ని నిక్కర్ల లోపల షామీ అనే కొండజంతువు మెత్తటి తోలు కుట్టించుకునేవారట. ఉతికితే అది అప్పడంలా బిగుసుకుపోయేది. మళ్లీ మైనమో కొవ్వో పూసి మెత్తబరచాలి. తర్వాత తోలు పోయి నైలాన్ గుడ్డలూ, స్పాంజి పొరలూ వచ్చాయి. పేరు మాత్రం ఇంగ్లిషువాళ్లు ఇప్పటికీ షామీ అనే అంటారు.

ఆడవాళ్ల సంగతి ఆలోచించడానికే చాలాకాలం పట్టింది. 1894లో ఆనీ లండన్‌డెరీ అనే ముగ్గురు పిల్లల తల్లి, అమెరికాలోని బోస్టన్ నుంచి ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరింది. పొడుగు గౌను, 42 పౌన్ల సైకిలు. షికాగో చేరాక దాంట్లో సగం బరువున్న సైకిలుకి మారింది. గౌను తీసేసి బ్లూమర్లనే వదులు లాగులు తొడిగింది. కొంత సైకిలు మీద, కొంత ఓడల్లో ప్రయాణించి 1895లో తిరిగొచ్చింది. ఆడవాళ్ల కొలతలకి సైకిళ్లు చేయాలని జార్జీనా టెర్రీ అనే మెకానికల్ ఇంజినీరు కంపెనీ పెట్టింది మాత్రం 1985లో. నొక్కుకుపోయేచోట ఖాళీ వదిలిన ఆడవాళ్ల సీటును ఆవిడ 1990లలో తెచ్చింది.

అంతదూరం ఎందుకు... మన పక్కనే తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో షీలారాణి చుంకత్ కలెక్టరుగా ఉన్నప్పుడు, అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలమంది పల్లెటూరి ఆడవాళ్లు సైకిల్ నేర్చుకున్నారు. వాళ్ల గురించి పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ రాశారు. చాలామంది మగవాళ్ల సైకిలే ఇష్టపడ్డారట, ముందున్న కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని! చీరకట్టులో, ఆ సన్నటి సీట్ల మీద, ముందు బిడ్డతో... ఎలా తొక్కారో తల్లులు అనిపిస్తుంది నాకిప్పుడు.

సరే, మన నిక్కరు దగ్గరికొద్దాం. మొదట తెలుసుకోవాల్సింది, మనం కూర్చునేది కండ మీద కాదు, రెండు ఎముకల మీద. కటి కింద ఇటొకటి అటొకటి ఉంటాయి. బిడ్డ బయటికి రావాల్సిన దారి కాబట్టి ఆడవాళ్లలో సాధారణంగా వాటి మధ్య దూరం ఎక్కువ. నిక్కరులోని మెత్త సరిగ్గా ఆ రెండింటి కింద ఉంటే బరువు అవి మోస్తాయి. లేదంటే మధ్యనున్న సుకుమారమైన చోటు మోయాల్సొస్తుంది. కథంతా ఇంతే!

ఆ దూరం ఇంట్లోనే కొలుచుకోవచ్చు. కిరాణా కొట్లో ఇచ్చే గరుకు అట్టపెట్టె ముక్క ఒకటి గట్టి స్టూలు మీద వేసి, పల్చటి బట్టలతో కూర్చోండి. కాళ్ల కింద ఇటుకలు పెట్టి మోకాళ్లు కాస్త పైకి వచ్చేలా చూసి, కొంచెం ముందుకు వంగండి. నిమిషం ఆగి లేస్తే అట్ట మీద రెండు గుంటలు కనిపిస్తాయి. ఒకదాని నడిమి నుంచి రెండోదాని నడిమికి స్కేలు పెట్టండి. నాకు పదమూడు సెంటీమీటర్లు వచ్చింది. పక్కింటి వదినకి పన్నెండున్నర. ఒళ్లు లావా సన్నమా అన్నదానికీ ఈ దూరానికీ పెద్దగా సంబంధం లేదు. నాకంటే ఆవిడే కాస్త పుష్టిగా ఉంటుంది మరి!

ఆ కొలత గుర్తుపెట్టుకుని హైదరాబాద్ వెళ్లినప్పుడు ఓ కొట్లో అడిగాను. కుర్రాడు మగవాళ్ల నిక్కర్లలోంచి చిన్న సైజు తీసి ‘‘లేడీస్‌కి ఇదే మేడం’’ అన్నాడు. కాదు బాబూ. మగవాళ్ల ప్యాడ్ సన్నగా, ముందువైపు పొడవుగా ఉంటుంది. ఆడవాళ్లది వెనక వెడల్పుగా, ముందు పొట్టిగా ఉండాలి. రెండో కొట్లో దొరికింది. తొమ్మిది వందల చిల్లర.

కొనేముందు నిక్కరు తిరగేయండి. మా వీధి టైలరక్క నా నిక్కరు తిరగేసి పాఠ్యపుస్తకంలా చదివింది. ‘‘చూడు టీచరమ్మా, సరిగ్గా మధ్యన యాడా కుట్టే లేదు. అంచులు గూడ ఎత్తుగా లేవు, గుడ్డకి గుడ్డ అతికించినట్టుంది. నా మిషను మీద రాదిది’’ అని తేల్చేసింది. లెగ్గింగ్‌లో స్పాంజి పెట్టి కుట్టిద్దామన్న వదిన ఆలోచన అక్కడితో ఆగిపోయింది. రోజూ వేల సార్లు తిరిగే తొడకి ఒక్క ఎత్తు కుట్టు చాలు, రంపంలా కోసేస్తుంది.

తర్వాత ప్యాడ్‌ని బొటనవేలూ చూపుడువేలూ మధ్య నొక్కండి. వేళ్లు రెండూ కలుసుకున్నాయంటే అది పనికిరాదు. ఎడ్లబండిలో పరిచిన వరిగడ్డి గుర్తుందా? ఎక్కేటప్పుడు పట్టుపరుపులా ఉంటుంది, మైలు దాటేసరికి బండి చెక్కలే తగులుతాయి. మరీ మెత్తటి స్పాంజీ అంతే. పైగా ఎముకల కింద అణిగిన స్పాంజి మధ్యలో ఉబ్బి, నొప్పి ఉన్నచోటే ఒత్తుతుంది. అందరూ ఇచ్చే మొదటి సలహా సీటుకి లావాటి జెల్ కవరు వేయమని. అదీ చాలాసార్లు ఇదే పని చేస్తుంది. మందం కాదు, గట్టిదనం చూడాలి. మనలాగా నిటారుగా కూర్చుని తొక్కే లేడీస్ సైకిళ్లకి బరువు వెనక పడుతుంది కాబట్టి ప్యాడ్ వెనకవైపు దిట్టంగా ఉండాలి. వంగి తొక్కే గేర్ల సైకిళ్లకి ముందువైపు కూడా కొంత కావాలి.

సైజు దగ్గర మన తెలుగింటి అలవాటొకటి వదులుకోవాలి. ‘కాస్త వదులుగా ఉంటే నయం’ అంటాం కదా! ఇక్కడ వదులైతే ప్యాడ్ కదులుతుంది, కదిలితే ఒరిపిడి. చర్మాన్ని అంటుకుని ఉండాలి, ఊపిరి ఆడాలి. నడుంపట్టీ వెడల్పుగా ఉన్నది చూసుకోండి. సిజేరియన్ అయినవాళ్లకి సన్నటి ఎలాస్టిక్ సరిగ్గా కుట్ల మీద కోస్తుంది. వేసుకుని నిలబడితే చంటిపిల్లల డైపర్ తొడిగినట్టు వింతగా ఉంటుంది, కంగారుపడకండి. అది నిలబడ్డానికి చేసింది కాదు. కొట్లోనే స్టూలు మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి చూడండి.

ఇక అసలు మాట. దీని లోపల ఇంకేమీ వేసుకోకూడదు. అవును, మీరు చదివింది నిజమే. లోదుస్తుల కుట్లూ ఎలాస్టిక్కూ ప్యాడ్‌కీ ఒంటికీ మధ్య చేరి, చెమట పట్టి, ఒరుసుకుంటే ఈ డబ్బంతా దండగ. ఈ మాట చెప్పగానే వదిన చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పావుగంట నవ్వింది. నెలసరి రోజుల్లో మాత్రం నాప్కిన్ నిలవాలి కాబట్టి కుదరదు. కప్ వాడేవాళ్లకి ఇబ్బంది లేదు. నేనైతే ఆ రెండు మూడు రోజులు సైకిలుకి సెలవిస్తాను.

‘ఊళ్లో నిక్కరేసుకుని తిరుగుతావా?’ అని మీరడగకముందే చెబుతున్నా. పైన చుడిదార్ వేసుకుంటాను. చీలమండల దగ్గర బిగుతుగా ఉండే ప్యాంటు, మోకాళ్ల దాకా టాప్, చున్నీ ఇంట్లో. చైన్లో పడే పటియాలా ప్యాంట్లు వద్దు. లోపల ఏముందో నాకూ సైకిలుకీ తప్ప వెలుగోడులో ఎవరికీ తెలియదు... ఈ ఆదివారం దాకా!

దీనితో అన్నీ తీరిపోతాయని కాదు. సీటు మరీ ఎత్తుంటే పెడల్ అందక నడుం అటూ ఇటూ ఊగుతుంది. ఏ నిక్కరూ ఆ ఒరిపిడిని ఆపలేదు. ముందు సీటు దించాలి. దాని ముక్కు పైకి లేచి ఉంటే సమం చేయాలి. తిమ్మిరెక్కినా, సెగ్గడ్డలు లేచినా సైకిల్ ఆపాలి, షుగరున్నవాళ్లు డాక్టరుకి చూపించాలి. బజారుకెళ్లి కూరగాయలు తెచ్చుకోవడానికైతే ఇదేమీ అక్కర్లేదు. అరగంట దాటి తొక్కేవాళ్లకే ఈ ఏర్పాటు.

ఉతుకుడు కూడా ముఖ్యమే. తొక్కిన ప్రతిసారీ వెంటనే విప్పి, తిరగేసి, చల్లటి నీళ్లలో కొద్దిపాటి సబ్బుతో చేత్తో ఉతకాలి. బండకేసి బాదితే ప్యాడ్ ముక్కలవుతుంది. మెత్తబరిచే లిక్విడ్లు వద్దు, చెమట పీల్చే గుణం పోతుంది. ఒకటి ఆరుతుంటే ఇంకొకటి కావాలి కాబట్టి రెండు కొనుక్కోవాలి.

ఆరేయడం దగ్గర మళ్లీ పాత సిగ్గే ఎదురొస్తుంది. మన ఇళ్లలో ఆడవాళ్ల లోబట్టలు దండెం మీద ఒంటరిగా ఎప్పుడైనా కనిపించాయా? పైన తువ్వాలో పాత చీరో కప్పి, గోడవారగా, చీకట్లో ఆరేస్తాం. ఆ తడి ఆరదు. తేమ వాసనతోనే మళ్లీ ఒంటికి తొడుగుతాం. దురదలూ ఇన్‌ఫెక్షన్లూ వస్తే మళ్లీ ఎవరికీ చెప్పం. పలచటి బట్టకే అలాగుంటే, వేలు మందం ప్యాడ్ మాటేమిటి? దానికి నీడైనా గాలి ధారాళంగా ఆడే చోటు కావాలి. మావారి లుంగీకీ, అబ్బాయి టీషర్టుకీ మధ్య, ప్యాడ్ పైకి కనిపించేలా ఆరేశాను. మొదటిరోజు మావారు ‘ఇదేంటి?’ అన్నారు. చెప్పాను. ‘ఓహో’ అన్నారు. అంతే! ఇన్నేళ్లూ మనం దాచింది ఆ ఒక్క ‘ఓహో’కి భయపడేనా అనిపించింది.

వదిన పోయిన నెల పాత సైకిలొకటి కొంది. అట్ట మీద కొలుచుకున్న పన్నెండున్నర, టేపుతో తీసుకున్న నడుమూ తుంటి కొలతలూ కాగితం మీద రాసుకుని మా అక్క కూతురికి పంపింది. మీరు స్వయంగా కొట్టుకు వెళ్తే మాత్రం ‘ఆడవాళ్ల సైక్లింగ్ షార్ట్స్, వెనక వెడల్పు ప్యాడ్ ఉన్నవి చూపించండి’ అని అడగండి. గొంతు తగ్గించాల్సిన పనేమీ లేదు. అక్కడి కుర్రాడికి తెలియకపోతే తెలుసుకుంటాడు. మీ వెనక వచ్చే ఆడపిల్లకి పని తేలికవుతుంది.