ఏం కోర్సు బిడ్డా?

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో గల్ఫ్‌కు బయల్దేరే కొడుకును పెద్దలు తప్పక అడిగే ప్రశ్న... ‘ఏం వీసా బిడ్డా? కంపెనీదా, విజిట్‌దా?’ విజిట్ వీసాతో వెళ్లి పని దొరక్క, తిరిగి రాలేక అవస్థపడ్డ కుటుంబాలు నేర్పిన పాఠమది.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్... ఆ ఊళ్ల పిల్లల్లో కొందరిప్పుడు పైచదువుకు కెనడా వైపు చూస్తున్నారు. బాసరలో పలక పట్టిన బిడ్డ వాంకూవర్‌లో పట్టా అందుకోవాలన్నది ఇంటిల్లిపాది ఆశ. ‘చదువు కాగానే కొలువు’ అనే ప్రైవేటు సంస్థలు ఆ ఆశకు తగ్గట్టే కనిపిస్తాయి. కానీ అన్నీ ఒకటి కాదు!

ప్రావిన్సు ప్రభుత్వం గుర్తించిన డిగ్రీని ప్రైవేటు యూనివర్సిటీలో చేస్తే, చదువయ్యాక వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రైవేటు కాలేజీ డిప్లొమాకు సాధారణంగా ఆ వీలుండదు. సర్కారు కాలేజీ సిలబస్‌ను ప్రైవేటు కాలేజీలో చెప్పే కోర్సుల్లో 2024 మే 15 నుంచి చేరినవాళ్లకూ ఆ దారి మూసుకుపోయింది. ఇక ఖర్చు... ఫీజు, ప్రయాణం కాకుండా ఒక్కరి బతుకుదెరువుకే 22,895 కెనడా డాలర్లు చూపాలి. 2025 సెప్టెంబరు 1న వచ్చిన లెక్కిది. మన డబ్బులో పద్నాలుగు లక్షలకు పైనే!

అందుకే పొలం కాగితాలు బ్యాంకులో పెట్టకముందే అడగాలి... ‘ఈ కోర్సుకు పర్మిట్ వస్తదా?’ కన్సల్టెన్సీ మాట ఒక్కటే నమ్మనక్కర్లేదు. కెనడా ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని కాలేజీల జాబితాలో, పర్మిట్‌కు అర్హత ఉన్న కోర్సులున్నాయో లేదో ప్రతి పేరు పక్కనా ఉంటుంది. ఇంట్లో అందరూ కూర్చుని ఆ ఒక్క గడీ చూస్తే చాలు, సగం భయం తీరిపోతుంది.