న్జావ్ గ్రామపు అల్లికలు

ఆఫ్రికా ప్రధాన భూభాగంలోని దేశాలన్నింటిలోనూ చిన్నది గాంబియా. మధ్యలో ఒక నది, దానికిరువైపులా కొద్ది మైళ్ళ నేల; అంతే దేశం. పడమట సముద్రం, మిగిలిన మూడు దిక్కులా సెనెగల్. జనాభాలో నూటికి తొంభై అయిదుగురికి పైగా ముస్లిములు. రాజధాని బంజుల్ నది ముఖద్వారం వద్ద ఉంది. అక్కడ పెద్ద పడవ ఎక్కి అవతలి ఒడ్డున ఉన్న బర్రా చేరుకున్నాము. మాతోపాటు లారీలు, మోటారు సైకిళ్ళు, బియ్యం బస్తాలు, మేకలు, గొర్రెలు కూడా నది దాటాయి. బక్రీదును అక్కడ ‘తొబస్కీ’ అంటారు. ఆ పండుగ ముందు రోజుల్లో ఈ పడవ మీద మనుషులకన్నా గొర్రెలకే ఎక్కువ చోటు కావాలని మా డ్రైవరు నవ్వుతూ చెప్పాడు.

బర్రా నుండి ఉత్తరపు ఒడ్డు రహదారి తూర్పుగా సాగుతుంది. ఫరాఫెన్ని, కావూర్ దాటేసరికి పొలాలు చూసి మాకు అనంతపురం గుర్తుకొచ్చింది. అదే వేరుశనగ, అదే సజ్జ, వాన కోసం ఆకాశం వైపు అవే చూపులు. సెనెగల్ సరిహద్దుకు చేరువలో, సాలూమ్ ప్రాంతంలో ఉన్నదే మేము చూడవచ్చిన న్జావ్ గ్రామం.

ఈ పల్లె పేరు లోకానికి తెలిసింది ప్లాస్టిక్ కవర్ల వల్ల. పూర్వం ఇక్కడి స్త్రీలు అంగడికి వెళితే అల్లిన బుట్టలో సరుకులు తెచ్చుకునేవారు. బుట్ట పాతబడితే మట్టిలో కలిసిపోయేది. తరువాత కవర్లు వచ్చాయి. తేలిక, చవక, వాన పడినా సరుకు తడవదు. ఎవరికి మాత్రం నచ్చదు? చిరిగిన కవరును బుట్టను పారవేసినట్లే ఇంటి వెనుక పారవేశారు. అది మట్టిలో కలవలేదు. కుప్పలు పెరిగాయి. కవర్లలో నిలిచిన వాననీటిలో దోమలు పుట్టాయి, వాటితో మలేరియా. కొందరు పొయ్యి రాజేయడానికి కవర్లనే వాడసాగారు. ఆ పొగ పీల్చినవారు వంట చేసే తల్లులూ, వారి చంకలోని పసిబిడ్డలూ. ఇక మేకలు. ఉప్పో పప్పో అంటుకున్న కవరును మేక తినకుండా వదలదు. అది అరగదు, బయటికి పోదు. కడుపు నిండినట్లే ఉంటుంది, మేక మాత్రం చిక్కి చచ్చిపోతుంది. ఆ పల్లె స్త్రీకి మేక అంటే బ్యాంకులో దాచుకున్న సొమ్ముతో సమానం. బిడ్డకు జబ్బు చేసినా, బడికి రుసుము కట్టాలన్నా అమ్ముకునేది దానినే.

ఇదంతా చూస్తూ పెరిగిన ఇసాతు సీసే 1972లో ఈ ఊరిలోనే జన్మించింది. మన ‘ఆయిషా’ పేరే అక్కడ ‘ఇసాతు’ అయింది. పదేళ్ళ వయసులో తండ్రి చనిపోవడంతో చదువు ఎక్కువ కాలం సాగలేదు. పారవేసిన ప్లాస్టిక్‌ను తిరిగి వాడుకోవచ్చని ఒక శిక్షణలో తెలుసుకుని, 1997లో మరో నలుగురు స్త్రీలతో కలిసి పని ప్రారంభించింది. కుప్పలలోని కవర్లను ఏరి, కడిగి, కత్తిరించి, క్రోషియా సూదితో పర్సులు అల్లడమే ఆ పని.

ఊరు మెచ్చుకుంటుందనుకుంటే పొరపాటు. చెత్త ఏరుకునే మురికి మనుషులని ఎగతాళి చేశారు. ఆడవారు సొంతంగా సంపాదించడం కొందరు పురుషులకు రుచించలేదు. అందుకే తొలిరోజుల్లో వారు రాత్రిపూట దీపం వెలుతురులో చాటుగా అల్లుకున్నారట. చెత్త వేసినవారికి లేని సిగ్గు ఏరినవారికి ఎందుకు ఉండాలో మాకు అర్థం కాలేదు. పర్సులు పట్నంలో అమ్ముడుపోయి చేతికి డబ్బు రావడం మొదలయ్యాక మాత్రం ఎగతాళి దానంతట అదే తగ్గింది. రాబడిలో కొంత ఊరి అవసరాలకూ వెచ్చించారు. 2012లో ఇసాతుకు వాషింగ్టన్‌లో అంతర్జాతీయ మహిళా కూటమి పురస్కారం లభించింది. 2015లో గాంబియా ప్రభుత్వం ప్లాస్టిక్ సంచులను నిషేధించింది.

మామిడిచెట్టు నీడన కూర్చున్న ఒక పెద్దావిడ మాకు పని చూపించింది. కడిగి ఆరబెట్టిన కవరును నేలమీద పరచి, చేత్తో రాసి గాలి తీసింది. పైనున్న పిడులనూ అడుగున అతుకునూ కత్తిరించి పక్కన పెట్టింది. మిగిలిన గొట్టంలాంటి భాగాన్ని పొడవున మడతలు పెట్టి, రెండు వేళ్ళ వెడల్పున అడ్డంగా కోసింది. ఒక్కొక్క ముక్కనూ విప్పితే గాజులా గుండ్రంగా ఉంది. ఒక గాజులో మరొకటి దూర్చి లాగితే ముడి పడుతుంది. అలా చేర్చుకుంటూ పోతే దారపు ఉండ తయారు. మధ్యలో చిన్న వలయంతో అల్లిక మొదలవుతుంది. ప్రతి వరుసలో కుట్లు పెంచుతూ పోతే అడుగు చదునుగా పరచుకుంటుంది. చాలినంత వెడల్పు రాగానే పెంచడం ఆపివేయాలి. అప్పుడు గోడలు వాటంతట అవే పైకి లేస్తాయి. పర్సుకైనా బుట్టకైనా ఇదే లెక్క. బుట్ట బిగువుగా నిలవాలంటే రెండు పోగులు కలిపి అల్లాలి. ఎండకు పెళుసెక్కిన కవరు పనికిరాదని, పొడిపొడిగా రాలిపోతుందని ఆమె ఒకదాన్ని నలిపి చూపించింది.

ఈ అల్లికలతో లోకంలోని ప్లాస్టిక్ తరిగిపోతుందని మేము నమ్మడం లేదు. పర్సు కూడా ఏదో ఒకనాడు చిరుగుతుంది. అయితే చెత్తకుప్ప మీది కవరు మేక కడుపులోకి పోవడానికీ, ఒక తల్లి సూదికి చిక్కడానికీ మధ్య తేడా న్జావ్‌లో ఎవరికీ చెప్పనక్కరలేదు.

జొహర్ నమాజు తరువాత అత్తాయా టీ తాగుతూ, మా వైపు పశువుల సంగతి చెప్పాము. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ వారు ఆవులకు శస్త్రచికిత్స చేస్తే, ఒక్కొక్క కడుపులో పదుల కిలోల ప్లాస్టిక్ బయటపడింది. 2012లో వారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2022 డిసెంబరు 31 నుండి మన దేశంలో 120 మైక్రాన్లకన్నా పలుచని సంచులకు నిషేధం ఉన్నా, మన చెత్తకుప్పల వద్ద పశువులు ఇంకా కవర్లు నములుతూనే ఉన్నాయి.

డ్రైవరు ఈ మాటలను ఓలోఫ్ భాషలో చెప్పగా, పెద్దావిడ అంతా విని ఒక్కటే అడిగింది.

“మీ వైపు ఆడవాళ్ళకు ఈ సూది పట్టడం వచ్చా?”

గోదావరి తీరాన నరసాపురం అనే ఊరుందనీ, దాని చుట్టుపక్కల పల్లెల్లో వేలాది స్త్రీలు తరతరాలుగా నూలు దారంతో ఇదే సూదిపై లేసు అల్లుతున్నారనీ చెప్పాము. ఆమె కళ్ళు మెరిశాయి. పక్కనున్న నల్లని కవర్ల దారపు ఉండను తీసి మా చేతిలో పెట్టింది.

“నూలు కొనాలి కదా, ఇది కొననక్కరలేదు. వాళ్ళకు చూపించండి” అన్నది.