డాలరు పావలా

అమెరికా నుంచి వచ్చే పెట్టెల్లో చాక్లెట్లు, విటమిన్ మాత్రలతో పాటు ఇంకొకటి కూడా ఇబ్రహీంపట్నం చేరుతుంటుంది. ఎవరూ పనిగట్టుకుని తేరు. ప్యాంటు జేబు అడుగునో, పాస్‌పోర్టు కవరులోనో ఉండిపోయి వచ్చేస్తుంది. అదే క్వార్టర్, డాలరులో పావలా. అక్కడ చదువుకునే మన పిల్లలకి దానితో రోజూ పని ఉండేది. చాలా అపార్ట్‌మెంట్లలో బట్టలుతికే మిషను క్వార్టర్లు వేస్తేనే తిరిగేది. అందుకని బ్యాంకులో పది డాలర్లిచ్చి నలభై నాణేల చుట్ట తెచ్చుకునేవాళ్లు. మిగిలినవి ఇక్కడ బీరువా సొరుగుల్లో పడి ఉన్నాయి. డబ్బు మార్చేవాళ్లు నోట్లు తీసుకుంటారు గాని చిల్లర ముట్టుకోరు.

ఆ సొరుగుని ఒకసారి శ్రద్ధగా వెతకండి. ముందు సంవత్సరం చూడాలి. 1964 దాకా చలామణికి ముద్రించిన క్వార్టర్లో నూటికి తొంభై పాళ్లు వెండి. వెండి ధర పెరిగి జనం నాణేలు దాచేసుకుంటుంటే, 1965 జూలైలో అధ్యక్షుడు జాన్సన్ కొత్త చట్టం మీద సంతకం చేశారు. అప్పటినుంచి లోపల రాగి, పైనా కిందా రాగి-నికెల్ పొరలు. అంచున ఎర్రటి గీత కనిపిస్తే అది కొత్త రకం. మన దేశంలో ఈ మార్పు పాతికేళ్లు ముందే వచ్చింది. 1940లో రూపాయిలో వెండి సగానికి పడిపోయింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక వెండి పోయి నికెల్ వచ్చింది.

కళ్లు ఆనకపోతే మరో దారి ఉంది, నాకు చాలా ఇష్టమైన దారి. అమ్మమ్మల కాలం నాటి వెండి అర్ధరూపాయి ఇంట్లో ఉంటే తీయండి. వెడల్పులో అదీ క్వార్టరూ దాదాపు ఒకటే. బరువు 5.83 గ్రాములు. వెండి క్వార్టర్ 6.25, తర్వాతది 5.67. కంసాలి త్రాసులో ఒక పళ్లెంలో అర్ధరూపాయి, రెండో దాంట్లో క్వార్టర్ పెడితే వెండి క్వార్టర్ కిందికి దిగుతుంది, కొత్తది పైకి లేస్తుంది. కృష్ణలో చిల్లర ఏరే పిల్లల అయస్కాంతం ఇక్కడ పనికిరాదు. ఈ రెండు రకాల్లో ఏదీ దానికి అంటుకోదు.

వెండి అని తేలగానే వన్‌టౌన్ వెండి కొట్లలో తూకానికి వేసెయ్యకండి. 1964 నాణెమైతే ఆ ధరే ధర. ఆ తేదీతో లెక్కకు మించి వేశారు, ఆ ఏడాది దాటాక కూడా వేశారు. కాని అంతకన్నా పాతదైతే వెనకవైపు దండ కింద చిన్న అక్షరం ఉండొచ్చు, భూతద్దం పెట్టి చదవాలి. వాషింగ్టన్ రెండువందల జయంతికి 1932లో ఈ ముఖం మొదలైంది. ఆ ఏడు డెన్వర్ టంకశాల ‘డి’ అక్షరంతో 4,36,800, శాన్‌ఫ్రాన్సిస్కో ‘ఎస్’ అక్షరంతో 4,08,000 మాత్రమే వేశాయి. అవి అరిగిపోయినా వెండి ధరకి ఎన్నో రెట్లు పలుకుతాయి. అందుకే మామూలు నాణేలకి దొంగ అక్షరాలు అతికించేవాళ్లూ ఉన్నారు.

దయచేసి తోమకండి. పండగకి వెండి కుందులు తోమినట్టు చింతపండు పట్టించి రుద్దితే నాణెం మెరుస్తుంది, విలువ పోతుంది. ఆ నలుపు మురికి కాదు, ఏళ్ల తరబడి లోహం మీద కట్టిన పొర. రుద్దిన సన్నటి గీతలు కొనేవాడి భూతద్దంలో ఇట్టే కనిపిస్తాయి. పట్టుకున్నా అంచుల దగ్గరే పట్టుకోవాలి.

నిజం చెప్పాలంటే మన సొరుగుల్లో దొరికేవి ఎక్కువగా 1999 నుంచి వచ్చినవే. 2008 దాకా ఏడాదికి ఐదు రాష్ట్రాల చొప్పున యాభై రాష్ట్రాలకూ బొమ్మలు వేశారు. వాటికి ధర రాదు. అయినా మన ప్రాంతానికి తగిన సేకరణ అదేనని నా గట్టి నమ్మకం. మనవాళ్లు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ నాణెం తెప్పించుకోవచ్చు. బాబాయి ఉన్న న్యూజెర్సీది 1999లో వచ్చింది, డెలావేర్ నది దాటుతున్న వాషింగ్టన్ బొమ్మతో. అక్క ఉన్న టెక్సాస్‌ది 2004, పటం మీద ఒంటి నక్షత్రం. అదే ఏడాది పెద్ద సరస్సులతో మిషిగన్‌ది వచ్చింది. అది నా దగ్గర ఇంకా లేదు. ఈసారి వచ్చేవాళ్లని అడగాలి.