చెయ్యెత్తి చెప్పే సిగ్నల్

ఖరగ్‌పూర్ స్టేషన్ బయట టోటో (ఈ-రిక్షా) వాడితో హిందీలో బేరం మొదలుపెడితే, పక్కనున్నవాడు "న్యూ సెటిల్‌మెంటుకేనా బాబూ?" అని శ్రీకాకుళం యాసలో అడగడం ఈ ఊళ్ళో మామూలే. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనూ వర్క్‌షాపూ కట్టిన రోజుల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూలికొచ్చిన వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పుడీ న్యూ సెటిల్‌మెంటు రైల్వే క్వార్టర్లలో ఉన్నారు. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే, అందులో పెద్ద వాటా ఈ ఊరి తెలుగువాళ్ళదే.

నేను వెళ్ళింది మాత్రం భాష సంగతి కోసం కాదు, చూపు సంగతి కోసం. కళ్ళ ముందు దృశ్యం క్షణక్షణం మారిపోతుంటే మెదడు ఏం చేస్తుందో ప్రయోగశాలలో చదువుకోవచ్చు. ఆ మారే దృశ్యాన్ని ముప్పై ఏళ్ళపాటు ఇంజిన్ అద్దంలోంచి చూసి జీతం తీసుకున్న మనుషులు మాత్రం ఇలాంటి చోటే దొరుకుతారు.

రిటైరైన లోకో పైలట్ ఒకాయన కొడుకు క్వార్టర్ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. సిగ్నల్ ఎలా చూసేవారు తాతగారూ అని అడిగితే మాటతో మొదలుపెట్టలేదు. కుడిచెయ్యి భుజమెత్తుకు లేచింది, చూపుడువేలు ఎదురింటి గోడ మీదుగా ఎక్కడికో గురిపెట్టింది, అప్పుడు గొంతు వచ్చింది: "డబుల్ ఎల్లో!" ఒక్క క్షణం ఆగి, అసిస్టెంట్ గొంతు కూడా తనే అందుకున్నారు: "డబుల్ ఎల్లో!" లోపల్నుంచి కోడలు నవ్వింది. టీవీ చూస్తూ కూడా ఇంతేనట.

ఇద్దరూ చూడాలి, ఇద్దరూ పైకి చెప్పాలి, చెయ్యి చూపించాలి. ఇంజిన్‌లో ఇది నియమం. బయటివాళ్ళకి కాస్త నాటకంలా ఉంటుంది. ఎదురుగా వెలుగుతున్న దీపాన్ని చూశానని కేక వేసి చెప్పడమెందుకు?

ఎందుకంటే, కన్ను తెరుచుకుని ఉన్నంత మాత్రాన మార్పు కనపడదు. కంటిలో స్పష్టంగా చూసే భాగం చాలా చిన్నది. చాచిన చేతి బొటనవేలి గోరు ఎంత మేర కప్పుతుందో ఇంచుమించు అంతే మేర నిశితంగా తెలుస్తుంది. అందుకే కళ్ళు సెకనుకు మూడుసార్ల చొప్పున ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకుతుంటాయి. దూకే ఆ లిప్తలో మెదడు చూపును అణిచేస్తుంది, లేకపోతే లోకమంతా అలికినట్టు కనపడేది. మామూలుగా ఏదైనా మారితే, ఆ కదలికే మన చూపును అటు లాగుతుంది. ఆ మార్పు సరిగ్గా కన్ను దూకేటప్పుడో, రెప్ప పడేటప్పుడో జరిగితే లాగేదేమీ ఉండదు.

1997లో రెన్సింక్, ఓరీగన్, క్లార్క్ అనే ముగ్గురు పరిశోధకులు దీన్ని చాలా తేలిక పద్ధతిలో చూపించారు. రెండు ఫోటోలు, వాటిమధ్య ఒక్క తేడా. ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ, నడుమ రెప్పపాటు కన్నా తక్కువసేపు ఖాళీ తెర వేశారు. అంతే, పెద్ద తేడాలు కూడా జనానికి చప్పున దొరకలేదు. ఫోటోలు ఎన్నోసార్లు తిరగాల్సి వచ్చింది. ఖాళీ తెర తీసేస్తే తేడా వెంటనే పట్టుబడింది. చూపు పడిన చోటల్లా ధ్యాస పడదని తేలిపోయింది.

ఖరగ్‌పూర్ యార్డులోకి రాత్రిపూట వచ్చే బండి సంగతి ఇప్పుడు ఊహించండి. 2017లో ఇక్కడ పెట్టిన ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌లో (సిగ్నళ్ళనూ పట్టాల మలుపులనూ కలిపి నడిపే వ్యవస్థలో) 800 రూట్లున్నాయి. పక్కపక్కనే ఎన్నో దీపాలు. వాటిలో మనది ఏది? "పక్క లైను పచ్చ చూసి మనదే అనుకున్నామంటే అయిపోయినట్టే బాబూ" అన్నారు పెద్దాయన. వేలితో చూపించాలంటే ముందు ఒక దీపాన్ని ఎంచుకోక తప్పదు. రంగు పైకి చెప్పాలంటే దాన్ని గుర్తించక తప్పదు. తన చెవికి తన మాటే వినపడుతుంది, పక్కవాడు విని ఖాయం చేస్తాడో, కాదంటాడో తేలిపోతుంది. జపాన్ రైల్వేల్లో ఇదే పద్ధతి వందేళ్ళకు పైగా ఉంది. అక్కడి రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ 1994లో పరీక్షించి చూస్తే, వేలూ గొంతూ వాడనప్పుడు 100 పనులకు 2.38గా ఉన్న తప్పులు, రెండూ వాడినప్పుడు 0.38కి దిగాయి. ప్రయోగశాలలు దీన్ని కొలవడానికి చాలాముందే ఇంజిన్లలో ఈ కేకలు మొదలయ్యాయి.

కేక వేయడానికి మెలకువ ఉండాలి కదా, అదింకో తంటా. ఈ ఊళ్ళోనే ఉన్న ఐఐటీలో అరబింద రౌత్రాయ్ బృందం వాహన చోదకుల ధ్యాస తగ్గడాన్ని కెమెరాతో కనిపెట్టే వ్యవస్థ తయారుచేసి 2013లో పరిశోధన పత్రం ప్రచురించింది. రెప్పలు దాదాపు పూర్తిగా వాలి ఉన్న సమయం ఎంత శాతమో లెక్కగట్టడం దాని కీలకం. రాత్రిళ్ళు కంటికి కనపడని పరారుణ కాంతి వాడారు.

క్వార్టర్ల పిల్లల్లో అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకు చదివేవాళ్ళు తక్కువేం కాదు. రాతపరీక్షలు దాటాక, ఈ చూపునీ ధ్యాసనీ కొలవడానికి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చేసే యోగ్యతా పరీక్ష అంటేనే వాళ్ళకి దడ. అందులో ఐదు భాగాలుంటాయి: జ్ఞాపకం, సూచనలు పాటించడం, లోతు గ్రహించడం, ఏకాగ్రత, చూసి చప్పున పోల్చుకోవడం. ప్రతి దాంట్లోనూ విడిగా కనీసం 42 టీ-స్కోరు (ప్రామాణిక మార్కు) రావాలి, ఒకదాంట్లో బాగా వచ్చిందని ఇంకోదాన్ని వదిలేయరు. "లెక్కలు బట్టీ కొట్టొచ్చు అన్నా, ఇది ఎలా కొడతాం?" అన్నాడొక కుర్రాడు. న్యాయమైన ప్రశ్నే.

సాయంత్రం లోకల్‌లో ఎదురు సీటు పిల్లవాడు కిటికీ పట్టుకుని కూర్చున్నాడు. వాడి కళ్ళు చూస్తే, కరెంటు స్తంభం వెంట మెల్లగా పక్కకి జారి, టక్కున వెనక్కి దూకి, ఇంకో స్తంభాన్ని పట్టుకుంటున్నాయి. వాడికా సంగతే తెలియదు. రాబర్ట్ బరానీ అనే వైద్యుడు గత శతాబ్దం మొదట్లో దీన్ని రైలు పేరుతోనే పిలిచాడు. పక్క రైలు కదిలితే మన రైలే కదిలిందని భ్రమపడటం అందరికీ అనుభవమే. చూపులో ఎక్కువ భాగం ఒక్కసారిగా కదిలితే, లోకం కాదు, కదిలేది నేనే అని మెదడు తీర్మానించుకుంటుంది.

కదలికను పసిగట్టడానికి మెదడు వెనకవైపు పక్కగా ఒక ప్రత్యేక ప్రాంతం ఉంది. రెండువైపులా ఆ ప్రాంతం దెబ్బతిన్న ఒక జర్మన్ మహిళ గురించి 1983లో వైద్యులు రాశారు. కప్పులో టీ పోస్తుంటే ఆమెకు ధార గడ్డకట్టినట్టు కనపడేది, ఎప్పుడు ఆపాలో తెలిసేది కాదు. రోడ్డు మీద దూరంగా ఉన్న కారు, మరుక్షణం మీదికొచ్చేసి ఉండేది.

ఆమె జబ్బు మనకు లేదు. కానీ పట్టాల మీద నిలబడి ఎదురొచ్చే రైలును చూసినప్పుడు మన పరిస్థితి అంతకన్నా ఎంతో మెరుగు కాదు. ఇంజిన్ వెడల్పు సుమారు 3 మీటర్లు. గంటకు 130 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 36 మీటర్లు. అది పది సెకన్ల దూరంలో ఉన్నప్పుడు దాని వెడల్పు మన కంటికి పున్నమి చంద్రుడంత. అంతకు పది సెకన్ల ముందు అందులో సగమే. ఆ పది సెకన్లలో పెరిగింది ఆ కాస్తే కాబట్టి, చాలా దూరంలో ఉందిలే అనిపిస్తుంది. ఐదు సెకన్లకి రెండు చంద్రులు, రెండున్నర సెకన్లకి నాలుగు. పెరుగుదలంతా చివర్లోనే. పైగా, పెద్ద వస్తువు అదే వేగంతో వచ్చే చిన్న వస్తువుకన్నా నెమ్మదిగా వస్తున్నట్టు అనిపిస్తుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హెర్షల్ లైబోవిట్జ్ 1985లో ప్రతిపాదించాడు. ఆ తర్వాతి ప్రయోగాలు దాన్ని బలపరిచాయి.

న్యూ సెటిల్‌మెంటులోనే కాదు, విజయనగరంలో, కాజీపేటలో, పట్టాలకు అటూ ఇటూ బతికే ప్రతి పేటలోనూ అడ్డదారి ఒకటి ఉంటుంది. రైలు దూరంగానే ఉందని మీ కన్ను చెప్పినా నమ్మకండి. వంతెన ఎక్కి దాటండి.