చర్మం కిందున్న ఎముక

బొమ్మ గీసేవారికి సరిపోయే అనాటమీ శిల్పికి సరిపోదు. కాగితం మీద ఒక వైపు కుదిరితే చాలు. మట్టి బొమ్మ తిరుగుడు పీట మీద ఉంటుంది. ఎదుట నుంచి చక్కగా ఉన్న చెయ్యి, పీటను పావు చుట్టు తిప్పేసరికి అప్పడాల కర్రలా తేలుతుంది. అందుకే శిల్పికి కండరాల పేర్ల పట్టిక కంటే రెండు విషయాలు ముఖ్యం: ఎముక ఏయే చోట్ల చర్మానికి ఆనుకుని ఉంటుంది, అవయవాన్ని అడ్డంగా కోస్తే ఏ ఆకారం వస్తుంది. ఈ రెండూ చెప్పేదే మంచి ఆధారం. లండన్‌లో మట్టిపని నేర్చుకునే తెలుగువారికి అలాంటివి చాలావరకు రైలు దూరంలోనే, టికెట్ లేకుండా దొరుకుతాయి.

మొదటి ఆధారం ఎవరి ఒళ్లు వారిదే. మోచేతి మొన మీద వేలు పెట్టి చిటికెనవేలి వైపుగా మణికట్టు దాకా జరిపితే దారి పొడవునా ఎముక అంచు తగులుతూనే ఉంటుంది. దాని మీద కండ లేదు. వేళ్లు ముడిచే కండలు ఆ అంచుకు ఒక పక్కన, చాచే కండలు రెండో పక్కన సర్దుకుంటాయి. మట్టిలో ముందు ఈ గీత వేసుకున్నవారికి ముంజేయి సగం కుదిరినట్టే. తర్వాత అరచెయ్యి పైకి పెట్టి, మెల్లగా బోర్లించి చూడాలి. చిటికెనవేలి వైపు ఎముక దాదాపు ఉన్నచోటే ఉంటుంది. బొటనవేలి వైపు ఎముక దాని మీదుగా అడ్డంగా దాటుతుంది. బొటనవేలు పైకి ఉండేలా చెయ్యి ముందుకు చాపితే, మోచేతి దగ్గర ముంజేయి అడ్డంగా వెడల్పు, మణికట్టు దగ్గర నిలువుగా వెడల్పు. ఈ మెలిక ఏ ఒక్క ఫొటోలోనూ పూర్తిగా దొరకదు.

కాలు కూడా ఇలాగే నేర్పుతుంది. పిక్క కండ లోపలి వైపు కిందికి, బయటి వైపు కాస్త పైకి ముగుస్తుంది. చీలమండ దగ్గర లెక్క తిరగబడుతుంది: లోపలి ఎముక ఎత్తులో, బయటిది కిందుగా ఉంటుంది. ఈ రెండు వాలులూ ఎదురెదురుగా ఉండటం వల్లే నిజమైన కాలికి ఆ బిగువు వస్తుంది. రెండు పక్కలూ సమానంగా చేస్తే బల్ల కోడు తయారవుతుంది. నిలువుటద్దం ముందు అయిదు నిమిషాలు నిలబడితే తెలిసే ఈ సంగతిని చాలా పుస్తకాలు పటాల మధ్య ఎక్కడో చిన్న అక్షరాల్లో దాచేస్తాయి.

తర్వాతిది జీవమున్న మోడల్. బరువంతా ఒక కాలి మీద వేసి నిలబడితే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, భుజాల వాలు దానికి ఎదురు తిరుగుతుంది. త్రిభంగ భంగిమ తెలిసినవారికి ఇది కొత్తేమీ కాదు. తుంటికి ముందు రెండు పక్కలా తగిలే ఎముక మొనలు, మెడ కింద గుంట, మోకాలిచిప్పలు, చీలమండలు: కాలిపర్‌తో ముందు కొలవాల్సినవి ఇవి. కండ బిగుస్తుంది, వదులవుతుంది; ఎముక పొడవు మారదు. మోడల్ ఒకేచోట నిలబడినా శిల్పి మాత్రం చుట్టూ తిరుగుతూ ఉండాలి.

మోడల్ దొరకని రోజుల్లో పోత విగ్రహాలు ఉన్నాయి. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1873లో తెరిచిన పోతల హాళ్లలో మైకెలాంజిలో డేవిడ్‌కు ప్లాస్టర్ పోత నిలబడి ఉంది. ఎత్తు 5 మీటర్లకు పైనే. 1857లో టస్కనీ పాలకుడు విక్టోరియా రాణికి బహుమతిగా పంపితే ఆమె దాన్ని మ్యూజియానికి ఇచ్చేసింది. ముంజేయి, మోకాలు, పక్కటెముకల అంచు నేర్చుకోవడానికి దీనికి మించిన గురువు లేదు. కానీ కొలతలు మాత్రం దీన్నుంచి తీసుకోకూడదు. తల, చేతులు ఒంటికి మించి పెద్దవిగా చెక్కినవి.

చర్మం తీసేసి కండలు మాత్రమే చూపే నమూనాలను ఎకోర్షే అంటారు. 1767లో రోమ్‌లో శిల్పి ఊడాన్ చేసిన నిలువెత్తు ఎకోర్షేకు ఇప్పటికీ ప్లాస్టర్ నకళ్లు అమ్ముతారు. చిన్న సైజుదైనా ఒకటి పని బల్ల మీద ఉంటే పది పటాల పెట్టు. లండన్ రాయల్ అకాడమీ దగ్గరున్న ఒక ఎకోర్షే కథ వేరు. 1801లో ఉరితీసిన ఒక హంతకుడి దేహాన్ని ఇంకా వెచ్చగా ఉండగానే శిలువకు బిగించి, చల్లబడ్డాక చర్మం ఒలిచి పోత పోశారు. ముగ్గురు అకాడమీ సభ్యులు తీర్చుకున్న సందేహం అది: శిలువ మీద దేహం నిజంగా ఎలా వేలాడుతుంది? చేతులు పైకి లాగితే ఛాతీ కండలు ఎలా సాగుతాయో ఆ పోత చూపినంత కచ్చితంగా చూపేవి అరుదు. చనిపోయిన మనిషిని ఎవరూ అనుమతి అడగలేదన్న సంగతి కూడా ఆ పోత ముందు నిలబడినప్పుడు గుర్తుండాలి. ఇప్పుడు బ్రిటన్‌లో మనిషి బతికుండగా రాసిచ్చిన అంగీకారం లేకుండా శవాన్ని అనాటమీ చదువుకు వాడటానికి చట్టం ఒప్పుకోదు.

ఇక పుస్తకాలు. ఇంట్లో డాక్టరు చదువు చదివినవారుంటే చేతికి ముందు వచ్చేది గ్రేస్ అనాటమీ. 1858లో వచ్చిన ఆ పుస్తకానికి బొమ్మలు వేసిన హెన్రీ వాండైక్ కార్టర్ తర్వాత బొంబాయి వెళ్లి అక్కడే చాలా ఏళ్లు వైద్యుడిగా పనిచేశాడు. గొప్ప పుస్తకమే, కానీ సర్జన్ల కోసం రాసినది. బల్ల మీద పడుకోబెట్టిన శవంలో కండలు చదునుగా జారిపోతాయి. నిలబడిన మనిషి ఆకారం అందులో ఉండదు. శిల్పికి కావలసింది 1890లో పాల్ రిషే ప్రచురించిన కళాకారుల అనాటమీ. వైద్యుడు, శిల్పి ఒకే మనిషి కావడం వల్ల ఏ కండ పైకి కనబడుతుందో, ఏది లోపలే ఉండిపోతుందో అతను విడదీసి చెప్పగలిగాడు. ఎలియట్ గోల్డ్‌ఫింగర్ 1991 పుస్తకం ఒక్కో కండరాన్ని విడిగా చూపుతుంది, అడ్డుకోతలు కూడా ఇస్తుంది. ఒక్కటే కొనగలిగితే అది కొనడం మేలు. బ్రిడ్జ్‌మన్ పుస్తకాల్లో ఒంటిని దిమ్మలుగా విడగొట్టే పద్ధతి బాగుంటుంది. కానీ అసలు ఒళ్లు చూడకుండా వాటినే నమ్ముకుంటే బొమ్మలన్నీ ఒకే పోలికలో వస్తాయి. ఈ పుస్తకాల్లో చాలావాటికి ఒక లోటు ఉంది. నమూనా ఎక్కువగా కండపట్టిన యూరప్ యువకుడే. ముసలి ఒళ్లు, కొవ్వు సర్దుకునే తీరు, పిల్లలు కన్న పొట్ట కావాలంటే మళ్లీ మనుషుల్నే చూడాలి.

మన స్థపతుల తాళమానాన్ని ఈ పుస్తకాలతో కలిపేటప్పుడు జాగ్రత్త అవసరం. తాళమంటే నుదుటి మీద జుట్టు మొదలు నుంచి గడ్డం దాకా ముఖం పొడవు, 12 అంగుళాలు. ఈ అంగుళం టేపు మీది అంగుళం కాదు, విగ్రహం నుంచే తీసుకునే ప్రమాణం. పాశ్చాత్య పుస్తకాలు కొలిచేది నడినెత్తి నుంచి గడ్డం దాకా తల ఎత్తు. నవతాళాన్ని తొమ్మిది తలలుగా చదివితే మనిషి తాటిచెట్టంత అవుతాడు. బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి గదికి వెళ్తే ఇంకో పాఠం దొరుకుతుంది. 1859లో మద్రాసు నుంచి లండన్‌కు పంపిన అక్కడి సున్నపురాతి పలకల్లో కండల గీతలు దాదాపు కనబడవు. అయినా వంగిన నడుము, మడిచిన మోకాలు, బరువు మోస్తున్న కాలు ఎక్కడా తప్పవు. కండ చూపకుండా ఒళ్లు నిలబెట్టడం అక్కడే నేర్చుకోవచ్చు.

దూరాన ఉన్న తల్లినో తండ్రినో బొమ్మ చేయాలనుకునేవారికి మ్యూజియాలు ఏమీ చేయలేవు. ఫొటోలే దిక్కు. దగ్గర నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు పెరుగుతుంది, చెవులు వెనక్కి పోతాయి. ఊళ్లో ఉన్నవారికి ఫోన్ చేసి కొన్ని సంగతులు చెప్పాలి: మూడు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి, ఫోన్ ముఖం ఎత్తులోనే పట్టుకుని, కిటికీ వెలుగు ఒక పక్క నుంచి పడేలా చూసుకుని, కుర్చీని ఎనిమిది దిక్కులకు తిప్పుతూ తీయాలి. కొలత లేని ఫొటో సగం ఆధారమే. టైలరు టేపు వంపు వెంట పోతుంది కాబట్టి తల వెడల్పుకు పనికిరాదు. చెవుల పైభాగం దగ్గర తలకు ఇరుపక్కలా రెండు అట్ట పుస్తకాలు నిటారుగా ఆనించి, వాటి మధ్య దూరం స్కేలుతో కొలవాలి. గడ్డం నుంచి నడినెత్తి దాకా ఎత్తు కూడా అలాగే, పుస్తకాలు అడ్డంగా పట్టుకుని. ఈ రెండు అంకెలు వస్తే లోపలి తీగ చట్రం కట్టడం మొదలుపెట్టవచ్చు.